కుట్టాల్సిన అతుకు

మెదక్‌లో టైల్స్ వేసేవాళ్లు గల్లీకి నలుగురు దొరుకుతారు. కార్పెట్ పరిచే మనిషి కావాలంటే మాత్రం, అది ఫంక్షన్ హాలైనా, మసీదైనా, చర్చి అయినా, పెద్దసారు ఆఫీసు గది అయినా, అందరూ హకీంకే ఫోన్ చేసేవాళ్లు. అతనికి ఏభై ఏడేళ్లు. బతుకంతా మోకాళ్ల మీదే గడవడంతో నడకలో వంకర వచ్చింది. నేల మీద కూర్చుని పని చేస్తున్నప్పుడు తప్ప మిగతా వేళల్లో ఎక్కడో ఏదో మరిచిపోయి వచ్చినవాడిలా కనబడేవాడు.

పద్దెనిమిదేళ్లప్పుడు హైదరాబాద్ పోయి ఒక ముసలి ఉస్తాద్ దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నాడు. పరచడం ఎవడికైనా వస్తుంది, రెండు ముక్కలు కలిసిన చోటు కంటికి కనబడకుండా, కాలికి తగలకుండా చేయడమే పనితనం అనేవాడు ఆ ఉస్తాద్. అతుకు వేయడానికి రెండు దారులున్నాయి. వంకర సూదితో, మైనం పూసిన దారంతో వెనకవైపు నుంచి కుట్టడం ఒకటి. రెండు అంచుల కింద జిగురు టేపు పరిచి, దాని మీద కరెంటు ఇస్త్రీ నడిపించి, జిగురు కరగగానే అంచులను అదిమిపెట్టడం ఇంకొకటి. ఏది మంచిదని అడిగితే ఉస్తాద్ జవాబు చెప్పేవాడు కాదు. కార్పెట్‌ను బోర్లా తిప్పి చూపించేవాడు. వెనక ప్లాస్టిక్ నేత ఉంటే టేపు. పాతకాలపు ఉన్ని కార్పెట్‌కు గోనె నేత ఉంటుంది. అది తడిస్తే ముడుచుకుంటుంది, ముడుచుకుంటే లాగుతుంది, ఆ లాగుడుకు టేపు నిలవదు. దానికి సూదే.

హకీంకు షుగర్ బయటపడి పదకొండేళ్లైంది. గోలీలు వేసుకున్నాడు, చాయ్‌లో చక్కెర మానేశాడు, అంతటితో సరిపోయిందనుకున్నాడు. మొదట కాళ్లు మొద్దుబారాయి. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. తర్వాత చేతుల వంతు వచ్చింది. ఒకసారి నిజాంపేటలో ఒక మసీదులో కుడుతూ ఉంటే, లేత రంగు కార్పెట్ మీద ఎర్రటి చుక్కలు కనబడ్డాయి. ఎవరో పాన్ ఉమ్మారని తిట్టుకుంటూ తుడవబోయాడు. చూస్తే తన బొటనవేలు. సూది గోరు కిందికి దిగి ఉంది. ఇంత కూడా నొప్పి లేదు.

నొప్పి ఉండి ఉంటే అంత భయపడేవాడు కాదు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. భార్య మజీదాకు కూడా చెప్పలేదు. గుండీలు పెట్టుకోవడం రాక చొక్కాలు మానేసి, తల మీదుగా తొడుక్కునే లాల్చీలకు మారాడు. నమాజుకు ఇవే హాయిగా ఉన్నాయన్నాడు. సూదుల డబ్బా అటక మీద పెట్టేసి, టేపుతో అయ్యే పనులే ఒప్పుకోవడం మొదలుపెట్టాడు. ఈ రోజుల్లో వచ్చే కార్పెట్లన్నీ ప్లాస్టిక్ నేతవే కాబట్టి రెండేళ్లు అలా గడిచిపోయాయి.

అప్పుడు నర్సింహ పిలిచాడు.

నర్సింహది హవేలిఘనపూర్. పొలాలున్న ఇల్లు. మొదట రైస్ మిల్లు పెట్టి, పదేళ్ల కిందట మెదక్ పట్నం చివర ఫంక్షన్ హాలు కట్టాడు. ఆ హాలు తెరిచిన రోజు నుంచీ హకీంను ఎరుగును. నర్సింహ తల్లి ఇందిరమ్మ అయితే ఇంకా ఎక్కువ. హాలు వెనకాలే వాళ్ల ఇల్లు. హకీం పనికి వచ్చిన ప్రతిసారీ ఆమె చక్కెర లేని చాయ్ స్వయంగా పట్టుకొచ్చి, అతను తాగిందాకా పక్కనే నిలబడి, ఊరి ముచ్చట్లన్నీ చెప్పేది. డెబ్బై ఆరేళ్ల మనిషి, పాదాలకు చెప్పుల్లేకుండా చెంగుచెంగున తిరిగేది.

ఆ వేసవిలో హైదరాబాద్‌లో ఏదో పాత హోటల్ కూలగొడుతుంటే, అక్కడి ఉన్ని కార్పెట్‌ను నర్సింహ తన హాలు కోసం తెచ్చాడు. మెరూన్ రంగు మీద బంగారు పూలు. డీసీఎం వ్యానులోంచి చుట్టలు దింపించి హకీంను చూడమన్నాడు. హకీం ఒక అంచు తిప్పి వెనకవైపు చేత్తో తడిమాడు. ఏమీ తెలియలేదు. వంగి కళ్లతో చూశాడు. గోనె నేత.

“ఎట్లుంది హకీం భాయ్? గట్టి మాలేనా?” అన్నాడు నర్సింహ.

“మస్తు మాల్ పటేలా. గిసొంటిది ఇప్పుడు ఎవ్వరు నేస్తలేరు.”

“శ్రావణంల మా బిడ్డ శ్రేయ చీరల ఫంక్షన్ చేస్తున్నం. గంతలోపట అయితదా?”

“అయితది.”

“కుడ్తవో, అంటువెడ్తవో నాకు తెల్వది. నువ్వేది మంచిదంటే గదే చెయ్.”

హకీం చుట్టల వైపు చూస్తూ నిలబడ్డాడు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. తన చేతుల్లో స్పర్శ పోయింది, దీన్ని కుట్టే మనిషిని హైదరాబాద్ నుంచి పిలిపించమని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ మెదక్‌లో కార్పెట్ అంటే హకీం. ఆ మాట అన్న మర్నాటి నుంచి అతను ఎవరు?

“ఇప్పుడంత టేపే పటేలా,” అన్నాడు. “కుట్టుడు పాతకాలం ముచ్చట.”

సామాను కోసం హైదరాబాద్ పోయాడు. దుకాణంలో ఒక కుర్రవాడు రకరకాల టేపులు ముందు వేసి, “కార్పెట్ వెనక ఏముంది చాచా? గోనె ఉంటే చెప్పుండ్రి, టేపు నేనివ్వను” అన్నాడు. ఆ కుర్రవాడికి పాతికేళ్లు ఉండవు. ఉస్తాద్ అడగాల్సిన ప్రశ్న అడిగాడు. హకీం “ప్లాస్టిక్కే బేటా” అన్నాడు. అందరికన్నా వెడల్పు టేపు తీసుకున్నాడు. ఎంత వేడెక్కిందో అంకెల్లో చూపించే ఇస్త్రీ తీసుకున్నాడు, ఎందుకంటే చెయ్యి దగ్గర పెట్టి వేడి చూసుకునే రోజులు పోయాయి. అతుకును నొక్కడానికి బరువైన రోలరు తీసుకున్నాడు. ముప్పై మూడేళ్ల పనిలో అతను కార్పెట్‌ను చూసి కాకుండా తన చేతుల్ని చూసుకుని సామాను ఎంచుకోవడం అదే మొదటిసారి. తిరుగు బస్సులో ఒళ్లో సంచీ పెట్టుకుని, వెడల్పు టేపు పట్టుకుంటుందిలే అని నర్సాపూర్ అడవి దాటిందాకా తనకు తాను చెప్పుకుంటూనే ఉన్నాడు.

నాలుగు అతుకులు పడ్డాయి. వాటిలో మూడు, గోడల వారగా కుర్చీల కిందికి పోయాయి. నాలుగోది స్టేజీ మెట్ల ముందు, అందరూ అడ్డంగా దాటే చోట వచ్చింది. పని అయ్యాక కంటికి ఒక్క గీత కూడా కనబడలేదు. నర్సింహ హాలు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి, “శభాష్ హకీం భాయ్” అన్నాడు. ఇందిరమ్మ అరికాలితో రాసి చూసి, “పిల్లి వీపు లెక్క మెత్తగున్నది కొడుకా” అని నవ్వింది.

ఆషాఢంలో వానలు పట్టాయి. స్టేజీ పైన రేకు కారి, కింద రెండుసార్లు నీళ్లు నిలిచాయి. వాచ్‌మన్ పౌలు గుడ్డలతో తుడిచి ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాడు. ఈ సంగతి హకీంకు ఎవరూ చెప్పలేదు. చెప్పాలని వాళ్లకెందుకు తోస్తుంది?

శ్రేయ ఫంక్షన్‌కు హకీంను కూడా పిలిచారు. పట్టుచీరలు, ఫొటోలు, డ్రోన్ కెమెరా మోత. హకీం ముందు వరసలో చివరి కుర్చీలో కూర్చున్నాడు. పదకొండున్నరకు ఇందిరమ్మ రెండు చేతుల నిండా అక్షింతలు పట్టుకుని మనవరాలి వైపు నడిచింది. అప్పుడు హకీం కళ్లు ఆమె మొహం మీద లేవు, పాదాల మీద ఉన్నాయి. స్టేజీ ముందు అతుకు రెండు వేళ్ల వెడల్పున విడిపోయి, ఒక అంచు పైకి లేచి ఉంది. అతనికి అది కనబడింది. నోట మాట రాకముందే ఆమె కుడికాలి వేళ్లు ఆ అంచు కిందికి దూరాయి.

చేతుల్లో అక్షింతలుండటంతో నిలదొక్కుకోలేకపోయింది. పక్కకు పడింది. బియ్యం చెల్లాచెదురై శ్రేయ పాదాల దాకా పోయాయి.

జనం చుట్టూ మూగారు. ఎవరో నీళ్లన్నారు, ఎవరో కారన్నారు. “చీర కాళ్లకు తట్టింది” అందొకామె. “గీ వయసుల గంత బిరబిర నడుసుడేంది?” అన్నాడు ఇంకొకాయన. హకీం కూడా పరిగెత్తాడు. అయితే ఆమె దగ్గరికి కాదు. లేచి ఉన్న ఆ అంచు మీదికి పోయి, రెండు కాళ్లతో దాన్ని నేలకు తొక్కిపెట్టి నిలబడ్డాడు. ఆమెను ఎత్తుకుని పోయేదాకా అక్కడి నుంచి కదల్లేదు. ఎవరైనా చూస్తే, కాళ్లూ చేతులూ ఆడక నిలబడిపోయాడు పాపం అనుకునేవాళ్లు.

తుంటి ఎముక విరిగింది. హైదరాబాద్ దవాఖానలో ఆపరేషన్ చేశారు.

మర్నాడు పొద్దున్నే హకీం అటక మీది డబ్బా దింపి హాలుకు పోయాడు. అంచు కొంచెం లేచింది, సరిచేస్తానని పౌలుకు చెప్పి లోపలికి వెళ్లాడు. కార్పెట్ వెనక్కి మడిచి చూస్తే టేపు బూజు పట్టి, గోనె పీచు అంటుకుని, ఎండిన చర్మంలా ఊడి వచ్చింది. సూదిలో దారం ఎక్కించడానికే అరగంట పట్టింది. కుట్టు ఎక్కడ పడుతోందో కళ్లకు తప్ప చేతికి తెలియదు. మూడు గంటల్లో మూడు జానల పొడవు కుట్టాడు, అదీ వంకరటింకర. చాయ్ తెచ్చిన పౌలు గ్లాసు పట్టుకునే నిలబడిపోయాడు.

“హకీం భాయ్, చేతులు సూస్కోండ్రి జర.”

ఎడమ చెయ్యి నిండా రక్తం. లాల్చీ అంచు కూడా తడిసింది.

ఇంటికి పోయేసరికి మజీదా మిషన్ మీద ఎవరివో దిండు గలీబులు కుడుతోంది. ఆమె బొంతలూ పరుపు కవర్లూ కుట్టి బస్తీలో పేరు తెచ్చుకున్న మనిషి. గుడ్డ చుట్టిన భర్త చేతిని చూసి మిషన్ ఆపింది. గుడ్డ విప్పింది. చిల్లులు లెక్కపెట్టడానికి లేకుండా ఉన్నాయి. పసుపు అద్దుతుంటే అతను చెయ్యి వెనక్కి తీసుకోలేదు. అప్పుడు ఆమె తలెత్తి చూసింది.

“మండుతలేదా?”

“లే.”

“ఎప్పటిసంది?”

“రెండేండ్లు.”

పెళ్లయిన కూతురి పేరు కలిపి ఆమె భర్తను పిలిచే పిలుపు ఒకటుంది. “అఫ్షా అబ్బా,” అంది మెల్లగా, “రెండేండ్ల సంది నాకు ఎందుకు చెప్పలే?”

హకీం అప్పుడు అన్నీ చెప్పాడు. గోనె నేత సంగతి, దుకాణంలో ఆడిన అబద్ధం, ఇందిరమ్మ కాలు, ఆ తర్వాత తాను ఎక్కడికి పరిగెత్తాడో అది కూడా. చివరి మాట దగ్గర మజీదా పసుపు గిన్నె కింద పెట్టేసింది. అతని చేతికి కొత్త గుడ్డ చుట్టి ముడి వేసింది. ఆమె ఏదైనా అంటే బాగుండునని అతనికి అనిపించింది.

“పాండ్రి,” అని లేచింది చివరికి. “ముందుగాల్ల ఆ అతుకు కుట్టాలె. ఇంకొకరు పడొద్దు.”

నర్సింహ వాళ్లు ఇంకా దవాఖానలో ఉండగానే, రెండు రోజులు ఆమె హాల్లో నేల మీద కూర్చుని కుట్టింది. వంకర సూది ఆమెకు కొత్త. ఎంత లోతున గుచ్చాలో, ఎంత బిగించాలో అతను మాటలతో చెప్పాడు. చెప్పాల్సినవి చేతిలో ఉంటాయి కానీ నోట్లో ఉండవని అప్పుడే తెలిసింది. “జర బిగించు” అంటే ఎంత? “జర లోపలికి” అంటే ఎంత? ఆమె విసుక్కోలేదు. నాలుగు అతుకులూ కుట్టేశారు. కుట్టినంతసేపూ ఆమె అతనితో పని మాట తప్ప వేరే మాట మాట్లాడలేదు.

ఇందిరమ్మ ఇంటికి వచ్చాక హకీం చూడటానికి పోయాడు. ముందు గదిలో మంచం వేశారు. మనిషి సగమైంది. డాక్టర్ నడవమన్నాడట, చేతులతో పట్టుకుని నడిచే స్టాండు కొత్తది గోడకు ఆనించి ఉంది. ఆమె దాన్ని ముట్టడం లేదు.

“ఎట్ల నడుస్త కొడుకా? సాపుగున్న నేల మీద పడ్డ. ఏమన్న గుంతనా, గడపనా? ఏం లేదు. నా కాళ్లు నాకే దగా చేసినయి. ఇగ గీ కాళ్లను ఎట్ల నమ్మాలె?”

“ఆమెకు సూపు ఆన్తలేదు, చెప్తే ఇనదు,” అన్నాడు నర్సింహ ఫోన్ చూసుకుంటూ. “ఇగ పొయ్యికాడికి పోవద్దని చెప్పినం. ఒక్కతే బయటికి పోవద్దని చెప్పినం.”

ఆమె చిన్నపిల్లలా తల దించుకుంది. ఆ తల దించుకోవడం హకీం భరించలేకపోయాడు. అయినా ఆ రోజు ఏమీ చెప్పకుండానే లేచి వచ్చేశాడు. నాలుగు రోజులు పట్టింది మళ్లీ పోవడానికి. ఈసారి కుర్చీ వేసినా కూర్చోలేదు. మంచం పక్కన నేల మీద, పనికి కూర్చున్నట్టు కూర్చున్నాడు.

“అమ్మా, నీ కాళ్లు మంచిగనే ఉండె. నేల సాపుగ లేకుండె. నేనేసిన అతుకు ఇచ్చుకపోయింది. గండ్ల నీ కాలు వడ్డది. నేను కండ్లార సూసిన.”

ఇందిరమ్మ అతని వైపు తల తిప్పింది. “అతుకా?”

“కుట్టాల్సింది. కుట్టలే. నా చేతులు పనిచేస్తలేవు. చెప్తే ఇజ్జత్ పోతదని టేపు ఏసిన. నువ్వు పడ్డప్పుడు నిన్ను లేపనీకె రాలే, దాని మీద నిలవడ్డ. ఎవ్వరికి కనవడొద్దని.”

గుమ్మంలో చప్పుడైంది. నర్సింహ నిలబడి ఉన్నాడు. అతను అరుస్తాడనుకున్నాడు హకీం. అతను అరవలేదు.

“నేను నిన్ను అడిగిన గద హకీం భాయ్. ఏది మంచిదంటే గది చెయ్ అన్న. కుడ్తనంటే వద్దన్ననా?”

“అనలే పటేలా.”

“టైం కావాలంటే ఇయ్యనంటినా?”

“అనలే.”

“మరి?”

 హకీం తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. నర్సింహ కూడా ఆ చేతుల వైపే చూశాడు, గాయాలు మాని మచ్చలు కట్టిన ఆ వేళ్ల వైపు. తర్వాత మొహం తిప్పుకుని, “పో హకీం భాయ్. ఇగ గీ ఇంటికి రాకు,” అన్నాడు.

అతను లేచాడు. వెనక నుంచి ఇందిరమ్మ గొంతు వినబడింది. కొడుకుతోనూ కాదు, హకీంతోనూ కాదు, తనలో తాను అనుకుంటున్నట్టుంది. “అయితే నా కాళ్లు కాదన్నట్టు.”

ఆ సాయంత్రమే ఆమె స్టాండు అడిగిందని తర్వాత పౌలు చెప్పాడు. మంచం నుంచి తలుపు దాకా తొమ్మిది అడుగులు. బతుకమ్మ నాటికి వాకిట్లోకి వచ్చి, ఆడవాళ్ల పాటలు వింటూ కుర్చీలో కూర్చుందట. పొయ్యి దగ్గరికి కూడా పోయి, కోడలు వద్దంటున్నా చాయ్ పెట్టిందట. హకీం ఈ మాటలన్నీ రోడ్డు మీద నిలబడి విన్నాడు. ఇంకోసారి చెప్పమని అడిగాడు.

చలికాలం ముదిరాక ఆమెకు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తులకు నెమ్ము చేరింది. మంచాన పడ్డ శరీరం ఎంత లేచినా లోపల బలం ఉండదని డాక్టర్ చెప్పాడట. ఐదో రోజు పోయింది. పడకుండా ఉంటే ఇంకెన్నేళ్లు ఉండేదో ఎవరూ చెప్పలేరు. హకీం మాత్రం ఆ లెక్క మనసులో వేస్తూనే ఉంటాడు.

శవయాత్రకు పోవాలా వద్దా అని మజీదాను అడిగాడు. “ఇంటికి రావద్దన్నరు. రోడ్డుకు రావద్దనలేదు గద,” అంది ఆమె. బోధన్ రోడ్డు మలుపు దగ్గర టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పాడె ముందు నర్సింహ తడి బట్టలతో కుండ పట్టుకుని నడుస్తున్నాడు. ఇద్దరి చూపులూ ఒక్కసారి కలిశాయి. నర్సింహ ఆగలేదు. తల తిప్పుకోలేదు కూడా. హకీంకు ఆ చూపు ఏమిటో ఈనాటికీ అర్థం కాలేదు. కోపమైతే బాగుండేది, దాన్ని మోయడం అతనికి తెలుసు.

నర్సింహ ఎవరికీ చెప్పలేదనే అంటారు. అయినా మెదక్ ఎంత ఊరని? పైగా హకీం తానే దాచడం మానేశాడు. పని కోసం ఎవరు ఫోన్ చేసినా ముందే చెప్పేస్తాడు, నా వేళ్లకు స్పర్శ లేదు, కొలతలు నేను చూస్త, కుట్టు మా ఇంటామె వేస్తది అని. అది విని కొందరు సరే అంటారు. ఎక్కువమంది అనరు. ఆడమనిషి మసీదులో కూర్చుని కుట్టడమేమిటని ఒకరు, చెయ్యి పనిచేయని మేస్త్రీ ఏం మేస్త్రీ అని ఇంకొకరు. నెలకు ఏడెనిమిది పనులు చేసిన మనిషికి ఇప్పుడు ఒకటి దొరికితే గొప్ప. మజీదా వేసే అతుకు మాత్రం బాగుంటుంది. అది చూసినప్పుడు హకీంకు సంతోషం కలగదు, ఈమెను రెండేళ్ల ముందే అడిగి ఉంటే అనిపిస్తుంది.

మొన్న మధ్యాహ్నం రామాయంపేట నుంచి ఒక ఫోన్ వచ్చింది. కొత్త హాలు, పెద్ద పని. హకీం వాకిట్లో నిలబడి మాట్లాడాడు. చెప్పాల్సిన మాట చెప్పాడు. అవతలి మనిషి మంచిదని ఒక్క మాట అని పెట్టేశాడు.

మజీదా లోపల రొట్టెలు కాలుస్తోంది. “ఏమన్నరు?” అంది.

“మళ్ల ఫోన్ చేస్తమన్నరు.”

 ఆమె రొట్టె పళ్లెంలో వేసి, చిన్న ముక్కలుగా తుంచి, అతని ముందుకు జరిపింది.